పక్కింట్లో ఎవరున్నారో తెలియాలా?

2023 వేసవిలో మా అమ్మాయి దగ్గర ఆరు నెలలు ఉండి వద్దామని న్యూజెర్సీ వెళ్ళాను. నేను బరంపురంలో పుట్టి, బరంపురంలోనే మెట్టి, అక్కడే ముప్ఫై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని. అమెరికా వెళ్ళివచ్చిన వాళ్ళందరూ మన పత్రికకు అక్కడి గుళ్ళ గురించో, జలపాతాల గురించో రాస్తుంటారు. నేనూ అలాగే రాద్దామనుకున్నాను. కానీ అక్కడినుంచి నేను వెంట తెచ్చుకున్న ఆలోచన వేరు. రాయాలా వద్దా అని చాలాకాలం తటపటాయించాను. పిల్లలూ మనవలూ ఉన్న ప్రతి ఇంటికీ పనికివచ్చే సంగతి కనుక చివరికి కలం పట్టాను. పిల్లలు నిద్రపోయాక పెద్దలు చదువుకోండి.

తలుపు తట్టిన పోలీసు

జూలై నెలలో ఒక సాయంత్రం. నేను వంటింట్లో పప్పుకి పోపు పెడుతున్నాను. తలుపు చప్పుడైతే అల్లుడుగారు వెళ్ళి తీశారు. గుమ్మంలో పోలీసు. నా గుండె ఝల్లుమంది. ఆయన మాత్రం మర్యాదగా నాలుగు మాటలు చెప్పి, ఒక కాగితం చేతికిచ్చి పక్కింటికి వెళ్ళిపోయాడు.

ఆ కాగితం మీద ఒక మనిషి ఫోటో ఉంది. పేరు, ఎత్తు, బరువు, ఇంటి అడ్రసు, పనిచేసే చోటు, కారు రంగు, దాని నంబరు, చేసిన నేరం అన్నీ ఉన్నాయి. చిన్నపిల్లల పట్ల లైంగిక నేరం చేసి జైలుకెళ్ళి, శిక్ష ముగిసి విడుదలై, పెరోల్ అధికారి పర్యవేక్షణలో మాకు రెండు వీధుల అవతల కాపురానికి వచ్చాడట. కుటుంబం జాగ్రత్త కోసమే ఈ సమాచారం ఇస్తున్నామనీ, అతన్ని బెదిరించినా, కొట్టినా, ఆస్తికి నష్టం చేసినా అది కూడా నేరమేననీ హెచ్చరిక ఉంది. ఆ మనిషి వివరాలు నేను ఇక్కడ రాయను. అవి మీకు అవసరమూ లేదు.

ఎనిమిదేళ్ళ మా మనవరాలు తొంగిచూసి, "అమ్మమ్మా, ఈ అంకుల్ ఎవరు? ఎలక్షన్‌లో నిలబడ్డాడా?" అంది. ఏం చెప్పాలో తెలియక పోపు మాడుతోందని వంకపెట్టి లోపలికి వచ్చేశాను.

ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. "ఇల్లు అమ్మేసి వెళ్ళిపోదాం అత్తయ్యగారూ. అప్పటిదాకా పిల్ల గడప దాటకూడదు" అన్నారు అల్లుడుగారు. "వెళ్ళిన చోట ఇంకొకడు ఉండడని ఏమిటి నమ్మకం?" అంది మా అమ్మాయి. వీధిలో ఉన్న మరో మూడు తెలుగు కుటుంబాల వాళ్ళూ మర్నాడు మా ఇంట్లోనే చేరారు. భయం అందరిదీ ఒకటే, సలహాలు మాత్రం తలా ఒకటి.

ఏడేళ్ళ మేగన్

అసలీ పద్ధతి ఎలా వచ్చిందని ఆ వారమంతా అడిగి, చదివి తెలుసుకున్నాను. విచిత్రమేమిటంటే దీని పుట్టిల్లు కూడా న్యూజెర్సీయే అనవచ్చు.

1994 జూలై 29న ఆ రాష్ట్రంలోని హామిల్టన్ టౌన్‌షిప్‌లో మేగన్ కాంకా అనే ఏడేళ్ళ పాప కనిపించకుండా పోయింది. ఎదురింటివాడు కుక్కపిల్లను చూపిస్తానని లోపలికి పిలిచి, పాడుచేసి, చంపేశాడు. అతను అంతకుముందే పిల్లల మీద నేరాలకు రెండుసార్లు శిక్షపడ్డవాడు. అదే ఇంట్లో అలాంటివాళ్ళే మరి ఇద్దరున్నారు. వీధిలో ఏ తల్లికీ తండ్రికీ ఈ సంగతి తెలియదు. తెలిసి ఉంటే మా పిల్ల మాకు దక్కేదని ఆ తల్లిదండ్రులు ఊరూరా తిరిగి చెప్పారు. మూడు నెలలు గడిచేసరికి, అక్టోబరు 31న, ఆ రాష్ట్రంలో చట్టం వచ్చింది. దానికి 'మేగన్ చట్టం' అని పేరు. 1996 మే 17న అధ్యక్షుడు క్లింటన్ సంతకంతో దేశమంతటికీ అలాంటి ఏర్పాటు తప్పనిసరి అయింది. ఆ నేరం జరిగిన ఇంటిని పడగొట్టి అక్కడ పిల్లల పార్కు కట్టారు.

ఇంటింటికీ చెప్పే పద్ధతికి మొదటి చట్టం మాత్రం 1990లో వాషింగ్టన్ రాష్ట్రంలో వచ్చింది. 1989లో టకోమాలో జైలునుంచి వచ్చిన ఒకడు ఏడేళ్ళ బాబుపై చేసిన ఘోరం దానికి కారణం. అదే ఏడాది అక్టోబరులో మిన్నెసోటాలో జేకబ్ వెటర్లింగ్ అనే పదకొండేళ్ళ బాబును ఎవరో ఎత్తుకుపోయారు. అతని పేరు మీద 1994లో వచ్చిన కేంద్ర చట్టం, ఇలాంటి నేరస్థులు పోలీసుల దగ్గర పేరు నమోదు చేయించుకోవాలని అన్ని రాష్ట్రాలకూ నియమం పెట్టింది. ఆ బాబు అవశేషాలు 2016లో గాని దొరకలేదు. ఇరవయ్యేడేళ్ళు ఆ తల్లి ఎలా బతికిందో ఆ భగవంతుడికే తెలియాలి.

న్యూజెర్సీలో శిక్షపడ్డవాళ్ళందరి గురించీ వీధిలో చెప్పరు. మళ్ళీ నేరం చేసే ప్రమాదాన్ని లెక్కకట్టి మూడు తరగతులు చేస్తారు. మొదటి తరగతివాళ్ళ సంగతి పోలీసులకూ, బాధితులకూ తెలుస్తుంది. రెండో తరగతి అయితే బడులకూ, పిల్లల సంస్థలకూ చెబుతారు. మూడోది, అన్నిటికంటే ప్రమాదమైనది. అప్పుడే ఇంటింటికీ కాగితం వస్తుంది. తనను ఏ తరగతిలో వేశారన్నదాని మీద ఆ మనిషి జడ్జి ముందు వాదించుకోవచ్చు. 1995లో అక్కడి రాష్ట్ర సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని సమర్థిస్తూనే ఆ హక్కు ఇచ్చింది. ఇక పర్యవేక్షణ అంటే, పెరోల్ అధికారి ఒప్పుకోనిదే ఇల్లు మారకూడదు, పిల్లలతో కలవకూడదు, వైద్యుల సలహాలకు వెళ్ళి తీరాలి, తప్పితే మళ్ళీ జైలు. చాలామందికి ఇది జీవితాంతం ఉంటుంది.

మరి ఫలితం?

ఇంత చేస్తే పిల్లలకు క్షేమమే కదా అనుకున్నాను. అంత తేలికగా లేదు.

2008లో న్యూజెర్సీలోనే పరిశోధకులు ఈ చట్టానికి ముందు విడుదలైనవాళ్ళనూ, తర్వాత విడుదలైనవాళ్ళనూ పోల్చి చూశారు. చట్టం వల్ల మళ్ళీ లైంగిక నేరం చేయడం తగ్గిందనడానికి రుజువు దొరకలేదు. ఖర్చు మాత్రం ఏటేటా పెరిగింది. 2000లో అమెరికా న్యాయశాఖ వేసిన నివేదిక ఇంకో సంగతి చెబుతుంది. లైంగిక దాడికి గురైన పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 34 మందిపై చెయ్యి వేసింది ఇంటివాళ్ళే. 59 మంది విషయంలో తెలిసినవాళ్ళు. కొత్తవాళ్ళ చేతిలో పడ్డది నూటికి 7 మంది. కాగితం మీద ఫోటో వచ్చే మనిషి కంటే, కాగితమే అక్కర్లేకుండా మనింట్లో కాఫీ తాగి వెళ్ళే మనిషి వల్లే ఎక్కువ ప్రమాదమన్నమాట.

జనం కోపం దారి తప్పిన సందర్భాలూ ఉన్నాయి. 1993లో వాషింగ్టన్ రాష్ట్రంలో ఒకతను విడుదల కాకముందే అతను చేరబోయే ఇంటిని తగలబెట్టారు. 2000లో ఇంగ్లండులో సారా పేన్ అనే ఎనిమిదేళ్ళ పాప హత్య జరిగాక ఒక పత్రిక నేరస్థుల ఫోటోలు అచ్చువేసింది. జనం ఇళ్ళ మీద పడ్డారు. ఆ రోజుల్లోనే వేల్స్‌లో ఒక పిల్లల డాక్టరమ్మ ఇంటి తలుపు మీద ఎవరో బూతుమాట రాసిపోయారు. ఇంగ్లీషులో పిల్లల వైద్యానికీ, ఆ దుర్మార్గానికీ వాడే మాటలు వినడానికి దగ్గరగా ఉండడమే ఆమె చేసిన పాపం!

మయామీలో అయితే బడికి, పార్కుకు 2,500 అడుగుల లోపల ఇలాంటివాళ్ళు ఉండకూడదని 2005లో నియమం పెట్టారు. ఊళ్ళో ఎక్కడా చోటు దొరక్క పదులకొద్దీ మనుషులు ఒక వంతెన కింద గుడారాలు వేసుకున్నారు. 2010లో వాళ్ళను అక్కడినుంచి ఖాళీ చేయించేదాకా అదే వాళ్ళ అడ్రసు. ఇల్లూ పనీ లేనివాణ్ణి పర్యవేక్షించడం పెరోల్ అధికారికి మాత్రం ఎలా సాధ్యం? జేకబ్ తల్లి ప్యాటీ వెటర్లింగ్ కూడా తర్వాతి రోజుల్లో ఈ చట్టాలు కొన్ని చోట్ల హద్దు మీరాయని బహిరంగంగానే అన్నారు. కొడుకును పోగొట్టుకున్న తల్లి ఆ మాట అన్నదంటే ఆగి ఆలోచించవలసిందే.

ఇంగ్లండువాళ్ళు తర్వాత మధ్యేమార్గం పట్టారు. 2008లో కొన్ని జిల్లాల్లో మొదలుపెట్టి, 2011 నాటికి ఇంగ్లండు, వేల్స్ అంతటా అమలు చేశారు. అందరికీ కాగితాలు పంచరు. "మా పిల్లతో మెలిగే ఫలానా మనిషి గురించి నాకు అనుమానంగా ఉంది" అని తల్లిదండ్రులు అడిగితే పోలీసులు విచారించి, ప్రమాదం ఉంటే ఆ పిల్లను కాపాడుకోవలసినవాళ్ళకు మాత్రం చెబుతారు.

మరో మార్గం కెనడాది. మేగన్ చనిపోయిన 1994లోనే, హామిల్టన్ అనే పేరుగల మరో ఊళ్ళో, అంటే ఒంటారియో రాష్ట్రంలో, ఇలాంటివాడొకడు విడుదలై వచ్చాడు. ఊరంతా భగ్గుమంది. ఒక చర్చి పాస్టరు నలుగురైదుగురు స్వచ్ఛందసేవకులను కూడగట్టాడు. వాళ్ళు అతన్ని రోజూ కలుసుకునేవారు, మంచీచెడూ కనుక్కునేవారు, దారి తప్పుతున్నాడనిపిస్తే నిలదీసేవారు. ఒంటరిగా వదిలేస్తే మరింత ప్రమాదమన్నది వాళ్ళ ఆలోచన. ఆ పద్ధతి తర్వాత ఇతర దేశాలకూ పాకింది. అలాంటి బృందాల్లో ఉన్నవాళ్ళు మళ్ళీ నేరం చేయడం బాగా తక్కువని కెనడా పరిశోధనలు చెప్పాయి. చదివి ఆశ్చర్యపోయాను. నేనైతే అలాంటి మనిషితో కూర్చుని మాట్లాడగలనా అంటే, నిజం చెబుతున్నాను, లేను.

మా అమ్మాయి అడిగిన ప్రశ్న

కాగితం వచ్చిన పదిరోజులకు, ఒక మధ్యాహ్నం ఇద్దరం చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం. మా అమ్మాయి తలెత్తకుండా అడిగింది.

"అమ్మా, లెక్కల మేష్టారి సంగతి నువ్వు అప్పుడు ఎవరికైనా చెప్పావా?"

నా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

1991 నాటి మాట. దానికి తొమ్మిదేళ్ళు. పక్కవీధిలో ఒక మేష్టారి దగ్గర లెక్కలు చెప్పించుకునేది. పెద్దమనిషి, ఊళ్ళో మంచిపేరు. ఒకరోజు ఇంటికి వచ్చి ఇక వెళ్ళనని మొండికేసింది. గట్టిగా అడిగితే, ఒళ్ళో కూర్చోబెట్టుకుంటారనీ, తనకు బాగుండదనీ చెప్పింది. అంతకన్నా నేను అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది. మర్నాటినుంచి మానిపించేశాను. మావారితో, పిల్లకు దూరమవుతోందని చెప్పాను. ఆయన అంతటితో ఊరుకున్నారు.

రెండు నెలల తర్వాత ఎదురింటి వదిన వచ్చింది. "మీ పిల్ల వెళ్ళే మేష్టారు బాగా చెబుతారా వదినా? మాదాన్నీ పంపుదామనుకుంటున్నాను" అంది. నేనేమన్నానో నాకు అక్షరం అక్షరం గుర్తు. "మా పిల్లకి అక్కడ సరిపడలేదు వదినా" అన్నాను. అంతే. పిల్ల పేరు బయటపడుతుందనీ, రేపు పెళ్ళి దగ్గర ఎవరైనా ఎత్తుతారనీ, ఆయన మీద నింద వేస్తే నన్నే అంటారనీ భయం. ఆవిడ తన కూతుర్ని పంపింది. గలగలలాడే ఆ పిల్ల ఆ ఏడాది తర్వాత మాట్లాడడం తగ్గించేసింది. నేను చూశాను. చూసి కూడా ఊరుకున్నాను.

"చెప్పలేదే" అన్నాను మా అమ్మాయితో.

అది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇక్కడ గవర్నమెంటువాళ్ళు పోలీసును పంపి చెబుతున్నారు. మనకి ఎదురిల్లు దాటి వెళ్ళడానికి నోరు రాలేదు" అని లేచి వెళ్ళిపోయింది.

ఆ మేష్టారు పోయి చాలా ఏళ్ళయింది. ఆయన మీద ఏనాడూ కేసు లేదు, శిక్ష లేదు. న్యూజెర్సీలో ఉన్నా, బరంపురంలో ఉన్నా ఆయన ఫోటో ఏ కాగితం మీదా వచ్చేది కాదు. శిక్షపడ్డవాడే ఆ పట్టికలోకి ఎక్కుతాడు. ఎవరూ నోరు విప్పకపోతే శిక్ష ఎక్కడిది?

మన దేశంలో ఏముంది?

మన దేశంలో కూడా ఇలాంటి పట్టిక ఉంది. 2018 సెప్టెంబరు 20న లైంగిక నేరస్థుల జాతీయ పట్టికను ప్రారంభించారు. జాతీయ నేర నమోదు సంస్థ దాన్ని నిర్వహిస్తుంది. మొదలయ్యేనాటికే అందులో 4.4 లక్షలకు పైగా నమోదులున్నాయి. అయితే అది పోలీసులు, విచారణ సంస్థలు చూసుకోవడానికే. మనలాంటివాళ్ళకు కనబడదు.

కనబడితే మేలని న్యూజెర్సీలో ఉన్నప్పుడు అనుకున్నాను. తర్వాత 2018లోనే జరిగిన మిగతా సంగతులు గుర్తుకొచ్చాయి. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని వాట్సాప్‌లో పుకారు లేచింది. మే నెలలో తిరువణ్ణామలై జిల్లాలో గుడికి వచ్చిన ఒక వృద్ధురాలిని, బెంగుళూరు చామరాజపేటలో రాజస్థాన్ యువకుణ్ణి జనం కొట్టి చంపారు. జూలై 1న మహారాష్ట్ర ధూళే జిల్లా రైన్‌పాడాలో, ఊరూరా తిరిగి బతికే అయిదుగురిని చంపారు. వీళ్ళెవ్వరూ ఏ తప్పూ చేయలేదు. మన పత్రిక పాఠకులు ఉండే రాష్ట్రాలే ఇవన్నీ. పైగా మనలాగ ఊరుగాని ఊళ్ళో, భాషగాని భాష మధ్య బతికేవాళ్ళమే ఇలాంటప్పుడు ముందు అనుమానానికి గురవుతాం. ఫోటో చేతికొస్తే మనవాళ్ళు ఏం చేస్తారోనన్న భయం ఉత్తది కాదు.

ఫోటో లేకపోయినా మనకు చట్టం ఉంది. పిల్లలపై లైంగిక నేరాల చట్టం, అందరూ పోక్సో అనేది, 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. పద్దెనిమిదేళ్ళలోపు ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఇద్దరికీ వర్తిస్తుంది. దాని 19వ సెక్షను ప్రకారం, ఇలాంటి నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పితీరాలి. తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. ఆ లెక్కన, ఈనాటి చట్టం 1991లో ఉంటే నేను కూడా దోషినే. పిల్ల పేరు, ఊరు, బడి పత్రికల్లో రాకూడదు. వాంగ్మూలం తీసుకోవడానికి పోలీసులు యూనిఫారం లేకుండా పిల్ల ఇంటికే రావాలి, వీలైనంతవరకు మహిళా అధికారే రావాలి. నిందితుడు బెయిలు మీద వచ్చినా, విడుదలైనా ఆ కుటుంబానికి తెలియజేయాలని నిబంధనల్లో ఉంది. వీధికంతటికీ చెప్పరు గాని, గాయపడిన ఇంటికి తెలుసుకునే హక్కు ఉంది. చాలామంది దాన్ని అడగరు.

2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12 వేలమందికి పైగా పిల్లల్ని అడిగి చేయించిన అధ్యయనంలో, సగం కంటే ఎక్కువమంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని చెప్పారు. చేసినవాళ్ళలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్ళు, నమ్మినవాళ్ళు. ఇక్కడైనా అక్కడైనా సంగతి ఒకటే.

ఇంతకీ ఏం చేశాం?

అల్లుడుగారు ఇల్లు అమ్మలేదు. పిల్లను గదిలో పెట్టి తాళమూ వేయలేదు. మా అమ్మాయి దాన్ని కూర్చోబెట్టి నెమ్మదిగా మాట్లాడింది. ఎవరు తాకినా నీకు బాగుండకపోతే గట్టిగా వద్దను, అది తాతయ్య అయినా సరే, మేష్టారయినా సరే. ఎవరైనా "అమ్మకి చెప్పకు" అంటే అది ముందు అమ్మకే చెప్పు. చెబితే నిన్ను కోప్పడం. ఇంతే చెప్పింది. పిల్ల శ్రద్ధగా విని, "ఇదంతా మా స్కూల్లో చెప్పారు" అంది!

తిరిగివచ్చాక ఒక పని చేశాను. ఎదురింటి వదినవాళ్ళు ఇప్పుడు విశాఖలో ఉంటున్నారు. నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఆనాటి సంగతి అంతా చెప్పాను. అవతల చాలాసేపు నిశ్శబ్దం. "ఒక్క మాట చెప్పలేకపోయావా వదినా?" అంది. కోపంగా అనలేదు. నా దగ్గర జవాబు లేదు. తన కూతురు తనకు పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకు గాని తల్లితో చెప్పలేదట. ఆ పిల్ల నాతో మాట్లాడాలనుకుంటే మాట్లాడుతుంది, అనుకోకపోతే అది ఆమె ఇష్టం. నేను తొందరపెట్టను.

మన సంఘం కార్యవర్గంవారికి నాదొక మనవి. సెలవుల్లో మనం తెలుగు తరగతులు పెడతాం, నాట్యం, సంగీతం నేర్పిస్తాం. నేర్పేవాళ్ళందరూ మనకు తెలిసినవాళ్ళే, గౌరవనీయులే. అయినా ఒంటరిగా ఒక పెద్ద, ఒక పిల్ల మూసిన గదిలో ఉండకూడదన్న నియమం పెట్టుకుందాం. కొత్తగా ఎవరినైనా పెట్టుకుంటే అంతకుముందు పనిచేసిన చోట విచారిద్దాం. పిల్లలు చెప్పుకోవడానికి ఇద్దరు ఆడవాళ్ళ పేర్లు గోడ మీద రాసిపెడదాం. 1098 అనే పిల్లల సహాయ నంబరు కూడా పక్కనే రాద్దాం. దీన్ని ఎవరూ తమ మీద అనుమానంగా తీసుకోవద్దు. ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పిన నేనే ఈ నియమానికి మొదట ఒప్పుకుంటున్నాను.

మీ ఇంటికి కాగితం పట్టుకుని ఏ పోలీసూ రాడు. మీకేదైనా తెలిసి ఉంటే, ముందు పోలీసులకు చెప్పండి. ఆ తర్వాత ఎదురింటి వదిన అడిగినప్పుడు "సరిపడలేదు" అని ఊరుకోకండి.